కంగారుకి ఒక వేళ పెట్టండి: గోదావరి డెల్టా జనానికి ఆందోళనపై సమగ్ర మార్గదర్శి

"ఊరికే కంగారు పడకు" అని చెప్పడం తేలిక. రొయ్యల చెరువున్న మనిషితో ఆ మాట అని చూడండి. చీకటి పడ్డాక చెరువులో నాచు, రొయ్య, అడుగున మురుగు అన్నీ ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. ఎండ లేదు కాబట్టి కొత్తది తయారవదు. అందుకే తెల్లవారబోయే ముందు డీవో, అంటే నీళ్లలో కరిగున్న ఆక్సిజన్, బాగా పడిపోతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే పెట్టుబడంతా నీళ్లమీద తేలుతుంది. కాబట్టి ఆ రైతు మూడింటికి లేచి టార్చి పట్టుకుని గట్టెక్కడాన్ని జబ్బు అనలేం. అది ఆయన వృత్తి. లంకల్లో ఉండేవాళ్లు జూలై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరి మట్టం కనుక్కోవడమూ, అమ్మ కువైట్‌లో ఉన్న పిల్లలు ఫోను కోసం ఎదురుచూడడమూ అలాంటివే.

అందుకని ఇక్కడ "ప్రశాంతంగా ఉండండి" అనే సలహా దొరకదు. చూడాల్సినదాన్ని చూసుకునే జాగ్రత్త మనకి కావాలి. అయితే ఒకసారి చూసి, బాగానే ఉందని తెలిశాక కూడా మళ్లీ చూడు, మళ్లీ చూడు అని లోపల్నుంచి పొడిచేది ఒకటుంది. దాన్ని జాగ్రత్త నుంచి విడదీయాలి. జాగ్రత్తకి వేళలు పెట్టాలి, రెండోదానికి మేత తగ్గించాలి. కింద చెప్పినవన్నీ ఆ పనికోసమే.

1. ముందు ఒంటిని చూపించుకోండి

గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, గొంతు పట్టేసినట్టుండడం, కడుపులో తిప్పడం. మన ఊళ్లలో ఇవన్నీ "గ్యాస్" పద్దులో పడిపోతాయి. ఆర్ఎంపీ గారు ఒక సూది, ఒక గ్యాస్ మాత్ర ఇస్తారు. ఆ పూటకి గడుస్తుంది, వారానికి మళ్లీ మొదలు.

ఇవే లక్షణాలు థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా వస్తాయి. రక్తం తక్కువైనా, షుగర్ పడిపోయినా, గుండె లయ తప్పినా వస్తాయి. కాబట్టి ఎంబీబీఎస్ చదివిన డాక్టరు దగ్గర బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, ఈసీజీ చేయించుకోండి. ఛాతీలో బరువుగా నొప్పి వచ్చి చేతికో దవడకో పాకుతూ ఉంటే అది ఆందోళనా కాదా అని ఇంట్లో కూర్చుని తేల్చకండి. 108కి ఫోన్ చేయండి.

పరీక్షలన్నీ బాగున్నాయంటే మీరు నాటకమాడుతున్నారని కాదు. ఆ దడ నిజంగానే వస్తోంది, గుండె జబ్బు వల్ల మాత్రం రావట్లేదు. అయితే ఒక్కమాట. డాక్టరు చాలన్నాక, కొత్త లక్షణం ఏదీ లేకుండానే ఊరు మార్చి, ఆసుపత్రి మార్చి నాలుగో ఈసీజీ తీయించుకుంటున్నారంటే, అది కూడా పైన చెప్పిన "మళ్లీ చూడు" కిందకే వస్తుంది.

2. ఒక వారం రాసి పెట్టండి

పిల్లలు సగం వాడి వదిలేసిన నోటుపుస్తకం చాలు. యాప్‌లున్నాయి గానీ, ఫోను తీసిన మనిషి ఆ యాప్ దాకా చేరడు, మధ్యలో వాట్సాప్ తగులుతుంది. అయిదు గడులు గీయండి: ఎప్పుడు, ఏం జరిగింది, ఒంట్లో ఏమైంది, భయం పదికి ఎంత, అప్పుడు నేనేం చేశాను. ఇలా ఉండొచ్చు:

బుధవారం రాత్రి 11:40. రొయ్య రేటు పడిందని గ్రూపులో పెట్టారు. గుండె దడ. 7. ఇంకో మూడు గ్రూపులు తిరగేశాను, ఒంటిగంటకి పడుకున్నాను.

శుక్రవారం సాయంత్రం 6:10. అమ్మాయి కాలేజీ బస్సు రాలేదు. చేతులు చల్లబడ్డాయి. 8. వరసగా ఫోన్లు చేశాను, ఎత్తాక కసిరాను.

చివరి గడి ముఖ్యం. భయం ఎందుకొచ్చిందో అందరికీ తెలుస్తుంది. వచ్చాక మనం ఏం చేస్తున్నామో రాసుకుంటే తప్ప తెలియదు. వారం తిరిగేసరికి ఆ గడిలో రెండు మూడు పనులే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. మనం పట్టుకోవాల్సినవి అవే. ఎన్ని టీలు తాగారో, ఎన్నింటికి పడుకున్నారో కూడా పక్కన వేసుకోండి.

3. చూసుకోవడానికి వేళలు పెట్టండి

అన్నిటికన్నా ఎక్కువ పని ఇక్కడే ఉంది. ఎంత వివరంగా చేసుకుంటే అంత మంచిది.

చూడగానే ఊరట వస్తుంది. అది కొన్ని నిమిషాలే ఉంటుంది. ఈలోగా మెదడు ఒక పాఠం నేర్చేసుకుంటుంది: "చూశాను కాబట్టే ఏం కాలేదు." తర్వాతిసారి ఇంకొంచెం ముందే చూడమంటుంది. తామర గోకినట్టే, గోకిన క్షణం హాయి, ఆనక మంట ఎక్కువ.

చెరువున్నవాళ్లకి: డీవో చూసే వేళలు కాగితం మీద రాసి మకాంలో అంటించండి. సాయంత్రం, అర్ధరాత్రి, మూడింటికి, ఇలా. ఎవరి రాత్రి ఎవరిదో పంచుకోండి: మీరు, వాచ్‌మన్, తమ్ముడో బావమరిదో. మీ వంతు కాని రాత్రి మిమ్మల్ని ఎప్పుడు లేపాలో ఒక అంకెతో చెప్పండి. "4 పీపీఎం కన్నా తగ్గినా, కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోయినా లేపరా, లేకపోతే లేపకు." "ఏమైనా అనుమానంగా ఉంటే ఫోన్ చెయ్" అని మాత్రం అనకండి. ఆ మాట అంటే మీ నిద్ర వాచ్‌మన్ అనుమానం చేతిలో పెట్టినట్టే. డీజిల్, బ్యాటరీ పగలే చూసి టిక్కు పెట్టండి. పగటి పూట పది నిమిషాల ఆ పని రాత్రి గంటల కంగారుని తగ్గిస్తుంది.

లంకల్లో, ఏటిగట్టు పక్కన ఉండేవాళ్లకి: ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. భద్రాచలంలో అవి 43, 48, 53 అడుగులు. అక్కడ పెరిగిన నీరు ఇక్కడికి చేరడానికి గంటల వ్యవధి ఉంటుంది. అంటే ఆ రెండు అంకెలూ కలిపి చూస్తే మీకు కొంత టైము ముందే చేతిలో ఉన్నట్టు. వానాకాలం మొదలవక ముందే కూర్చుని ఒక్కో హెచ్చరికకి ఎదురుగా ఒక్కో పని రాయండి. మొదటిదానికి పుస్తెలు, పాసుపుస్తకాలు, ఆధార్ కార్డులు, మందులు ఒక సంచిలో. రెండోదానికి పశువులు మెరకకి, ముసలివాళ్లు బంధువులింటికి. మూడోదాని దాకా ఆగకుండా అందరూ గట్టు దాటడం. మీ ఇల్లు మరీ పల్లంలో ఉంటే ఒక మెట్టు ముందుకి జరపండి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు చూశాం కదా, రాత్రికి రాత్రి సర్దుకోవడం ఎంత కష్టమో. ఇలా రాసుకున్నాక అధికారిక మట్టం ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చూడండి. హెచ్చరిక నడుస్తున్నప్పుడు ఇంట్లో ఒక్కరు మాత్రం గంటకోసారి చూడొచ్చు. ఎవరో పెట్టిన పాత వరద వీడియోలు చూడడం జాగ్రత్త కిందకి రాదు.

గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్లకి: కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ పని ముగించి తొమ్మిదిన్నరకి ఫోను పట్టుకుంటే ఇక్కడ అర్ధరాత్రి. రోజూ ఆ ఫోను కోసం మేలుకుంటే నిద్ర పాడవుతుంది, నిద్ర పాడైతే కంగారు పెరుగుతుంది. వారంలో రెండు మూడు రోజులు వాళ్లకి వీలయ్యే వేళ చూసి మాట్లాడుకోండి, మిగతా రోజులు "బాగున్నాను" అని ఒక వాయిస్ మెసేజ్. పొద్దున్న లేచి వింటారు. "లాస్ట్ సీన్" చూసుకుంటూ కూర్చోవడం అసలు వద్దు.

రేట్లు, మార్కెట్టు: రోజుకి ఒకసారి, అది కూడా రొయ్య పట్టుబడి దగ్గర పడ్డప్పుడు. గ్రూపులు మ్యూట్.

మధ్యలో చూడాలనిపిస్తుంది, తప్పదు. అప్పుడు వద్దనుకోకుండా "పది నిమిషాలాగి చూస్తాను" అనుకోండి. కోరిక పెరుగుతుంది, ఒకచోట నిలుస్తుంది, దిగుతుంది. దిగిపోతే సరే. లేకపోతే ఇంకో పది. మొదటి వారంలో కంగారు తగ్గకపోగా పెరిగినట్టుంటుంది. అక్కడే చాలామంది వదిలేస్తారు, రెండో వారం చూడకుండానే.

4. దిగులుకి కూడా ఒక పావుగంట

రోజూ ఒకే చోట, ఒకే వేళకి, 15 నుంచి 20 నిమిషాలు. సాయంత్రం ఆరింటికి అరుగు మీద అనుకోండి. మంచం మీద వద్దు, పడుకునే ముందు అసలే వద్దు. పగలంతా ఏ దిగులొచ్చినా ఒక ముక్క రాసి "ఆరింటికి" అని పక్కన పెట్టండి. ఆరింటికి కూర్చుని ఒక్కొక్కటే తీయండి. దీనికి నేను చేయగలిగినది ఉందా? ఉంటే, ఏ పని, ఎప్పుడు అని రాయండి: "సొసైటీ అప్పు వాయిదా, సోమవారం పదింటికి సెక్రటరీ గారిని కలవాలి." లేకపోతే "నా చేతిలో లేదు" అని రాసి వదిలేయండి. టైము అయిపోగానే లేచి, చేతులు తడిసే పనేదైనా పెట్టుకోండి. తమాషా ఏమిటంటే, పొద్దున్న రాసినవాటిలో సగం సాయంత్రానికి చప్పబడిపోయి ఉంటాయి.

5. ఊపిరి

శ్వాస వ్యాయామాల గురించి వినని వాళ్లు లేరు. అయినా చాలామందికి పనిచేయకపోవడానికి ఒకటే కారణం: దడ మొదలయ్యాక మాత్రమే చేస్తారు, అప్పుడు గట్టిగా, లోతుగా, గబగబా పీలుస్తారు. ఎక్కువ పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. అది చూసి ఇంకా భయం.

ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు మామూలుగా పీల్చండి. ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలండి. ఇది నిమిషానికి సుమారు ఆరు శ్వాసలవుతుంది. వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటే పొట్ట కదులుతోందా, భుజాలు ఎగురుతున్నాయా తెలుస్తుంది. పొట్టే కదలాలి. అయిదు నిమిషాలు, రోజుకి రెండు పూటలా, కంగారు లేనప్పుడు. రెండు వారాలు ఇలా అలవాటైతే కంగారొచ్చినప్పుడు ఒంటికి దారి తెలుస్తుంది. ఆరు కుదరకపోతే మూడు పీల్చి నాలుగు వదలండి.

ఒక్కసారిగా చచ్చిపోతానేమో అన్నంత భయం ముంచుకొస్తే, అంటే ప్యానిక్ అటాక్ వస్తే (గుండెకేమీ లేదని డాక్టరు ముందే చెప్పి ఉంటే), అది సాధారణంగా పది నిమిషాల్లోపే పతాకస్థాయికి చేరి, తర్వాత దిగుతుంది. పరిగెత్తకండి, ఉన్నచోటే కూర్చోండి. కాళ్ల కింద నేల ఎలా ఉందో, చుట్టూ కనిపించేవి అయిదు ఏమిటో, వినిపించేవి మూడు ఏమిటో చెప్పుకోండి.

6. చేస్తున్న పనిలో మనసు పెట్టడం

మైండ్‌ఫుల్‌నెస్ అంటే కళ్లు మూసుకుని కూర్చోవాలనుకుంటారు. అలా కూర్చుంటే ఇంకా ఊపిరాడనట్టయ్యేవాళ్లు కొందరుంటారు. వాళ్లకి చేతులాడే పనే నయం. రోజూ చేసే పని ఒకటి ఎంచుకోండి. ముగ్గు వేయడం మంచి ఎంపిక: పిండి వేళ్ల మధ్య నుంచి జారడం, చుక్క నుంచి చుక్కకి చెయ్యి పోవడం, తడి నేల వాసన. అంట్లు తోమడం, పీచు తీయడం, మొక్కలకి నీళ్లు పోయడం, ఏదైనా. మనసు కచ్చితంగా అప్పుల వైపో పరీక్షల వైపో పోతుంది. పోయిందని గమనించి, తిట్టుకోకుండా, చేతి దగ్గరికి తీసుకురండి. పాతికసార్లు పోతే పాతికసార్లు. అలా తీసుకురావడమే సాధన.

ఇక నడక. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని డెల్టాలో కాలవ గట్టు లేని ఊరు తక్కువ. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక లాంటి శ్రమ పెద్దలకి అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే అయిదు రోజులు అరగంట చొప్పున. ఫోను ఇంట్లో పెట్టి వెళ్లండి. "చేలో చాకిరీ చేస్తాం కదండీ, మళ్లీ నడకేంటి" అంటారు కొందరు. నిజమే, ఒంటికి అది చాలు. కానీ చేలో ఉన్నంతసేపూ తల లెక్కలు వేస్తూనే ఉంటుంది. వాళ్లు గట్టు మీద పది నిమిషాలు నడిచినా చాలు.

ఇదంతా మందుకి బదులా అని అడుగుతారు. 2022లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో ఆందోళన రుగ్మతలున్న 276 మందిలో కొందరికి ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ, కొందరికి ఆందోళనకి వాడే ఎస్సిటలోప్రామ్ మాత్ర ఇస్తే, ఫలితం దాదాపు సమానంగా వచ్చింది. వినడానికి బాగుంది. కానీ ఆ శిక్షణలో వారం వారం రెండున్నర గంటల తరగతి, ఇంటి దగ్గర రోజూ 45 నిమిషాల సాధన ఉన్నాయి. అయిదు నిమిషాలు అంట్లు తోమి మాత్ర మానేయమని దానర్థం కాదు.

7. టీ, మద్యం, నిద్ర

కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండు తర్వాత టీ, కాఫీ ఆపి రెండు వారాలు చూడండి. కొట్టు దగ్గర నలుగురిలో ఇబ్బందైతే మజ్జిగో నిమ్మకాయ సోడానో అడగండి, కబుర్లకి టీయే ఉండాలని లేదు. రాత్రి మద్యం తాగితే నిద్ర పట్టినట్టే ఉంటుంది, తెల్లవారుజామున మెలకువొచ్చి దడ మొదలవుతుంది. చాలాకాలంగా రోజూ ఎక్కువగా తాగేవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, మూర్ఛలు రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మానాలి.

పడుకునే వేళ కన్నా లేచే వేళ ఒకటిగా ఉండడం ముఖ్యం. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగి, చిన్న వెలుతురులో ఏదో చదువుకుని, కునుకొచ్చాక వెళ్లండి. చెరువు కాపలా ఉన్న రాత్రి మర్నాడు మధ్యాహ్నం ఒక కునుకు తీయొచ్చు, మూడు దాటాక వద్దు.

8. తప్పించుకుంటున్నవాటి దగ్గరికి మెల్లగా వెళ్లండి

భయపడ్డ చోటికి మళ్లీ వెళ్లకపోవడం కూడా మళ్లీ మళ్లీ చూసుకోవడానికి తోబుట్టువే. ఊరట వెంటనే వస్తుంది, లోకం ఇరుకవుతుంది. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద వెళుతుండగా ఒకరికి ప్యానిక్ వచ్చిందనుకుందాం. ఆ తర్వాత ఆయన చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లడం మొదలుపెడతారు. కొన్నాళ్లకి వంతెనా భయమే. చివరికి అవతలి ఒడ్డున చెల్లెలింటికి వెళ్లడం మానేస్తారు.

తక్కువ భయం నుంచి ఎక్కువకి వరస రాయండి. మొదట రేవులో నిలబడి పంటు వచ్చిపోవడం చూడటం. తర్వాత ఎక్కి, కదలకముందే దిగిపోవడం. తర్వాత భార్యతోనో స్నేహితుడితోనో దాటడం. ఆపైన వాళ్లు ఒక చివర, మీరు ఒక చివర. ఆ తర్వాత ఒంటరిగా, రద్దీ లేని వేళ. చివరికి సంత రోజున. ప్రతి మెట్టు దగ్గరా భయం సగానికి దిగేదాకా ఉండండి. భయం ఎక్కువగా ఉన్నప్పుడే వచ్చేస్తే పారిపోవడమే అలవాటవుతుంది. ఒక మెట్టు విసుగు పుట్టేదాకా చేశాకే పై మెట్టు. వరదొచ్చి పంట్లు ఆపేసిన రోజున దాటకపోవడం భయం కాదు లెండి, బుద్ధి.

9. ఇంట్లోవాళ్లకి

"నీకేం తక్కువ? తిండి లేదా, బట్ట లేదా?" అనడం మానండి. అడిగిన ప్రతిసారీ "ఏం కాదండీ, ఏం కాదు" అని ధైర్యం చెప్పడం కూడా తగ్గించండి. అది కూడా చూసుకోవడం లాంటిదే, పదిసార్లు చెబితే పదకొండోసారి అడుగుతారు. ఒకసారి స్పష్టంగా జవాబు చెప్పి, రెండోసారి అడిగితే, "ఇందాకే చెప్పాను కదండీ. కంగారుగా ఉన్నట్టుంది, రండి గట్టు దాకా నడిచొద్దాం" అనండి. అత్తగారు కోడలితో అయితే, "అమ్మాయ్, ఆ కంది పప్పు నేను చూస్తాలే, నువ్వు కాసేపు అలా అరుగు మీద కూర్చో" అన్నా చాలు. దిష్టి తీయించుకున్నా, తాయెత్తు కట్టించుకున్నా గొడవ పడకండి. డాక్టరు దగ్గరికి వెళ్లడం మాత్రం దానికోసం వాయిదా వేయొద్దు.

10. ఎప్పుడు, ఎక్కడికి

ఆరు నెలలుగా చాలా రోజులు ఆగని ఆందోళన ఉన్నా, పని, చదువు, నిద్ర దెబ్బతింటున్నా, పైవన్నీ నెలపాటు చేసినా మార్పు లేకపోయినా సైకియాట్రిస్టుని కలవండి. టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైన కేంద్ర ప్రభుత్వ సేవ, ఉచితం, రాత్రీ పగలూ, తెలుగులో మాట్లాడతారు. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

చచ్చిపోవాలనే మాట ఇంట్లో ఎవరి నోటైనా వస్తే బెదిరింపు అనుకోకండి. సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. పురుగుమందు డబ్బాలు ఆ రోజే ఇల్లు దాటించండి, మనిషిని ఒంటరిగా వదలకండి, 14416కో 112కో ఫోన్ చేయండి. కేసవుతుందేమోనని దాచేవాళ్లున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ప్రయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

మందులు రాస్తే: ఎస్సిటలోప్రామ్ లాంటివి పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, కాస్త అలజడి ఉండొచ్చు. తగ్గిపోయిందని మీరే ఆపకండి, డాక్టరే నెమ్మదిగా తగ్గిస్తారు. ఆల్ప్రాజోలామ్ లాంటివి వేసిన పూటే హాయినిస్తాయి, అందుకే వారాల్లో అలవాటైపోతాయి. చీటీ లేకుండా మెడికల్ షాపులో కొనుక్కోకండి. చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా మానకండి.

మొదటిసారి వెళ్లేటప్పుడు పైన రెండో భాగంలో చెప్పినట్టు రాసిన నోటుపుస్తకం, పాత రిపోర్టులు, ఇప్పుడు వేసుకుంటున్న మాత్రల పట్టీలు, ఆర్ఎంపీ గారిచ్చినవి కూడా, సంచిలో వేసుకోండి. ఇంట్లోవాళ్లని ఒకరిని తీసుకెళ్లండి, కానీ కాసేపు డాక్టరుతో ఒంటరిగా మాట్లాడతానని అడగండి. అడగాల్సినవి ముందే రాసుకోండి: నాకున్నదాని పేరేంటి, మందు ఎన్నాళ్లు, దేనికి కంగారు పడి ఫోన్ చేయాలి, దేనికి అక్కర్లేదు, మాటలతో చేసే చికిత్స ఇక్కడ దొరుకుతుందా, మళ్లీ ఎప్పుడు రావాలి.